డేగిశా ముద్ద

మా ఊరి మాల్గుజారు పెద్ద కొడుకు ఊరి చరిత్ర రాసి మరాఠీలో చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. అది అచ్చయ్యేనాటికి ఊరు లేదు, బొగ్గు గని లోపలికి పోయింది. నేను అక్షరాలు నేర్చుకున్నది ఇంకా తర్వాత. మరాఠీ అక్షరాలు మనవరాలి పుస్తకాల్లో, తెలుగు అక్షరాలు చంద్రపూర్ బాబుపేట్‌లో మా పక్కింటి పాస్టరమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆ పుస్తకం చేతికి వచ్చినప్పుడు కూడబలుక్కుంటూ మొత్తం చదివాను. గోండు రాజులిచ్చిన భూమి, తెల్లదొరలు కట్టబెట్టిన మాల్గుజారీ, చెరువు తవ్వించడం, అడవి నుంచి టేకు తెచ్చి ఇల్లు కట్టడం, అన్నీ ఉన్నాయి. ఒకచోట ఇలా ఉంది: ఊళ్లో ఏ ఇంట పెళ్లయినా వంటపాత్రలు మా ఇంటి నుంచే వెళ్లేవి.

అది అబద్ధం కాదు. పాత్రలు వెళ్లేవి. ఏ ఇంటికి ఏ పాత్ర వెళ్లేదో మాత్రం అందులో లేదు. నేను రాయగలిగింది అదొక్కటే.

ఊరు చంద్రపూర్ జిల్లాలో, విసాపూర్ దాటి లోపలికి ఉండేది. మాల్గుజారంటే రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టే ఊరి యజమాని. ఊరంతా ఆయనదే అన్నట్టుండేది. ఆయన ఇంటిని వాడా అనేవాళ్లు. రెండంతస్తుల మట్టిగోడల ఇల్లు, లోపల రాతి చావడి, దాని చుట్టూ టేకు స్తంభాలు. వాడా ముందు భూములున్న పాటిళ్లు, వాళ్ల వెనక నూనె గానుగవాళ్లు, కుమ్మర్లు, చెరువు గట్టు కింద గోండుల ఇళ్లు. ఊరి చివర, ఎద్దుల కొట్టాలు దాటాక మా మొహల్లా. మేము మాలవాళ్లం. చెరువు కట్ట వేయడానికి మాల్గుజారు తాత మావాళ్లను నది అవతల నైజాం వైపు నుంచి తీసుకొచ్చాడని మా అత్త చెప్పేది. కట్ట వేయడం అయిపోయింది, తిరిగి పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. నాలుగు తరాలైనా ఊళ్లోవాళ్లు మమ్మల్ని "నది అవతలోళ్లు" అనే అనేవాళ్లు.

వాడాలో పడమటి వైపు ఒక పాత్రల గది ఉండేది. భండారా నుంచి కంచరివాళ్లను పిలిపించి, చావడిలోనే కొలిమి పెట్టించి ఆ పాత్రలు చేయించారట. వాటిల్లో పెద్దది రాగి డేగిశా. పెళ్లి అన్నం వండే గుండిగను మా వైపు డేగిశా అంటాం. మనిషి కూర్చుంటే తల మాత్రమే పైకి కనిపించేంత లోతు. రెండు పక్కలా కడియాలు, వాటిల్లోంచి వాసం దూర్చి నలుగురు మోసేవాళ్లు.

దానికో ఆనవాయితీ ఉండేది. డేగిశాను ఖాళీగా తిరిగి పంపకూడదు. అందులో వండిన పెళ్లి అన్నంలోంచి ఒక ముద్ద ఆకులో పెట్టి, డేగిశాలోనే ఉంచి, వాడాకు చేర్చాలి. వాడాలో పెద్దావిడ బయటికి వచ్చి మోసుకొచ్చినవాళ్ల ముందే అందులో కొంచెం నోట్లో వేసుకోవాలి. దాన్నే డేగిశా ముద్ద అనేవాళ్లు. నూనె గానుగవాళ్లు వేరే తాలూకా నుంచి వచ్చి స్థిరపడితే, మొదట్లో వాళ్లనూ బయటివాళ్లనే అన్నారు. వాళ్లింట్లో మొదటి పెళ్లి జరిగి, ముద్ద వెళ్లి, వాడా తిన్నాక ఆ మాట పోయింది. "ఫలానా ఇంటి ముద్ద వాడా తిన్నది" అంటే ఆ ఇల్లు ఊరిది అయిందని అర్థం. ఊరి చరిత్ర అంటే మా అత్తకు అదే. ఏ ఇంటి ముద్ద ఎవరి హయాంలో తిన్నారో ఆమెకు నోటికి వచ్చు, ఒక్క మా మొహల్లాది తప్ప. మాకు ముద్ద లేదు.

మాకు డేగిశా ఇచ్చేవాళ్లు కాదు. మాకిచ్చేది ఇనుప పెనం. ఒకప్పుడు చెరువు కింద మాల్గుజారు సొంత పొలంలో చెరకు వేసేవాళ్లు. ఆ రసం కాచి బెల్లం చేసిన పెనం అది. చెరకు మానేశాక ఎవరికీ పనికిరాక వాడా వెనక గోడకు ఆనించి ఉండేది. మా ఇళ్లలో పెళ్లయితే, వాడా లెక్కలు చూసే దివాణ్‌జీ లోపలి నుంచే "తీస్కపోరి" అని కేకేసేవాడు. దాన్ని తిరిగి అక్కడే బోర్లించి రావాలి, ఎవరూ బయటికి వచ్చేవాళ్లు కాదు. వెడల్పుగా, లోతు లేకుండా ఉండే పెనంలో అన్నం ఎప్పుడూ సరిగా ఉడకదు. అడుగున మాడుతుంది, పైన పలుకు. మా అత్త పెళ్లి నాడు ఆమె మేనమామ విస్తరి ముందు కూర్చుని, "ఈ ఊళ్లె మా పిల్లకు బెల్లమన్న దొరుకుతదేమో గని అన్నం దొరకదు" అన్నాడట. అందరూ నవ్వారట. ఆమె ఆ మాట మర్చిపోలేదు. నాకు చెప్పినప్పుడల్లా ఆమె కూడా నవ్వేది.

మాల్గుజారీ రద్దయినప్పుడు అత్త ఇంకా చిన్నపిల్ల. చెరువు సర్కారుదైంది, పొలాలు కొన్ని సీలింగులో పోయాయి, కొన్ని అమ్ముడయ్యాయి. మాల్గుజారు కొడుకులు నాగపూర్ వెళ్లి వకీళ్లు, డాక్టర్లు అయ్యారు. నేను కాపురానికి వచ్చేసరికి వాడాలో మిగిలింది ఇద్దరు. ఒకరు మాల్గుజారు భార్య, ఊరంతా బాయిసాబ్ అనేది. రెండోది దివాణ్‌జీ. ఆయన సిరొంచ వైపు కోమటి, ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడేవాడు. ఆయన తాత ముద్ద వాడా ఎప్పుడో తిన్నది. పై అంతస్తులో గబ్బిలాలు ఉండేవి. అయినా పాత్రలు వెళ్లేవి, ముద్దలు వచ్చేవి.

ఆ ఆనవాయితీని ఆపింది చట్టం కాదు, టెంట్ హౌస్. దేశంలో అన్నీ మారుతున్నాయని రేడియోలో చెప్పే రోజులవి. బల్లార్షాలో దుకాణాలు పుట్టుకొచ్చాయి. షామియానా, కుర్చీలు, వంటకు అల్యూమినియం గంజులు, స్టీలు ప్లేట్లు, అన్నీ ఒకే టెంపోలో వచ్చి దిగేవి. మొదట పాటిళ్లే తెప్పించుకున్నారు. తర్వాత గానుగవాళ్లు. రాగి డేగిశాను మోయడానికి నలుగురిని పిలవడం, తోమడం, ముద్ద పంపడం ఎవరికీ ఓపిక లేకపోయింది. అదే కాలంలో బొగ్గు కోసం భూమి కొలవడానికి మనుషులు వచ్చారు. ఇంటింటికీ నోటీసు అందింది. మా మొహల్లాకూ వచ్చింది. ఊరు ఖాళీ చేయాలి. ఎవరికి ఉద్యోగం, ఎవరికి జాగా అనే మాటలు తప్ప వేరే మాట లేదు. వాడా సామాను కొనడానికి నాగపూర్ వ్యాపారి వస్తున్నాడని, తలుపులు, స్తంభాలు, పాత్రలు అన్నీ అతనికే మాట్లాడుకున్నారని తెలిసింది.

మా చిన్న ఆడబిడ్డ పెళ్లి అప్పుడే కుదిరింది. పిల్లవాడిది గోండ్‌పిప్రి. మా ఊళ్లో అదే చివరి పెళ్లి అవుతుందని అందరికీ తెలుసు. ఒక సాయంత్రం నా భర్త కాగితం మిల్లు పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ తల్లితో చెప్పాడు.

"అవ్వా, టెంట్ హౌస్ మాట్లాడిన. గంజులు, గిలాసలు, కుర్చీలు అన్నొస్తయి. మల్ల వాళ్లే తీస్కపోతరు. నువ్వు తోమేదే లేదు."

"తోముడు నాకు కొత్తనా?" అంది అత్త.

"మరేం గావాలె?"

"వాడా డేగిశ గావాలె."

ఆయన నవ్వాడు. "అండ్ల ఎవలు వండుతున్నరే ఇప్పుడు? పాటిళ్లే టెంపో తెప్పిచ్చుకుంటున్నరు."

"వాళ్లు తెప్పిచ్చుకుంటరు. వాళ్ల ముద్ద వాడా ఎన్నడో తిన్నది. మనది తినలే. ఊరు పోతే ఇగ ఎప్పుడు తింటది?"

ఆడబిడ్డ బియ్యం చెరుగుతూ, "అవ్వా, నా పెండ్లి చేస్తున్నవా, డేగిశ పెండ్లి చేస్తున్నవా?" అంది.

"రెండు ఒక్క పందిట్లనే చేస్త. ఖర్సు కలిసొస్తది."

మర్నాడు అత్త, నేను వాడాకు వెళ్లాం. ఎప్పటిలాగే మెట్ల దగ్గర ఆగాం. దివాణ్‌జీ చావడిలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఏందే, ఇద్దరొచ్చిన్రు? నోటీసు సంగతా?"

"కాదు దివాణ్‌జీ. బిడ్డ పెండ్లి."

"మంచిదే. పెనం ఎన్కనే ఉన్నది, తీస్కపోరి. తేళ్లుంటయి, చూసుకోని లేపురి."

"పెనం గాదు. డేగిశ."

"ఏ డేగిశ?" అన్నాడు దివాణ్‌జీ.

"రాగి డేగిశలు పదున్నయా? ఉన్నదొక్కటే కద."

"గది మీకిచ్చేది గాదు. ఊరోళ్లకు."

"మరి నోటీసు మాగ్గూడ వచ్చింది గద. ఊరోళ్లం గాకుంటే మాకెందుకొచ్చింది? మేం గిట్లనే ఉండిపోతం, మీరే లేచిపోరి."

దివాణ్‌జీకి నవ్వు వచ్చినట్టుంది, మీసం తుడుచుకున్నాడు. లోపలి నుంచి బాయిసాబ్ అంతా విన్నది. ఆమె మాట్లాడేది మరాఠీ, నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను. గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి, "ఇచ్చేయండి. ఇప్పుడు ఎవరడుగుతున్నారు దాన్ని? ఎలాగూ వ్యాపారి తీసుకుపోతాడు. అంతదాకా ఎక్కడుంటే ఏం?" అంది.

అత్త అక్కడినుంచి కదలలేదు. "బాయిసాబ్, ముద్ద తెస్తం" అంది.

బాయిసాబ్ ఆమె వైపు చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది.

దారిలో అత్త మొహం ఏం బాగాలేదు. అడిగింది దొరికింది కదా అన్నాను. "ఇంత అల్కగ ఇస్తదనుకోలే. ఎవలకు అక్కర లేదని ఇచ్చింది" అంది. ఇంకొంత దూరం నడిచాక, "ముద్దకు అవునన్నదా, కాదన్నదా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను.

డేగిశాను తెచ్చిన రోజు మొహల్లా మగవాళ్లు వెనక దారిన పోదామన్నారు. అత్త ఒప్పుకోలేదు. పాటిళ్ల ఇళ్ల ముందు నుంచే తీసుకురమ్మని తాను ముందు నడిచింది. అరుగు మీద కూర్చున్న పెద్ద పాటిల్, "ఏం రా, తెలంగోళ్లు వాడా కొన్నారా?" అన్నాడు. నా భర్త వాసం భుజం మార్చుకుంటూ తల దించుకున్నాడు. అత్త మాత్రం, "లేదు పాటిల్, పెండ్లికి పిలుస్తున్నం. మీరు రావాలె" అంది. డేగిశా మా గుమ్మంలోంచి పట్టలేదు. వాకిట్లోనే దించారు.

పైన నల్లగా పొగచూరి ఉంది. లోపల చూస్తే అంతా తెల్లగా, మాసిన సీసంలా ఉంది. పాడుబడ్డ గదిలో ఏళ్ల తరబడి పట్టిన మురికి అనుకున్నాం. రాగి అంటే ఎర్రగా ఉండాలి కదా. మొహల్లా ఆడవాళ్లమంతా కూర్చున్నాం. చింతపండు, ఇటుక పొడి, పొయ్యి బూడిద, కొబ్బరి పీచు. నేను, ఆడబిడ్డ లోపలికి దిగి తోమాం. తెలుపు ఒక పట్టాన పోలేదు. "ఎన్ని పెండ్లిండ్ల మురికో" అని ఒకామె అంటే, "ఊరోళ్ల మురికి గద, ఊకె పోతదా?" అని ఇంకొకామె అంది. మర్నాటి పొద్దు వాలేదాకా తోమితే లోపలంతా ఎర్రగా తేలింది. మొహాలు కనిపించాయి. చిన్నా పెద్దా వచ్చి వంగి చూసుకున్నారు. అత్త చాలాసేపు దాని దగ్గరే కూర్చుంది.

దివాణ్‌జీ కడియాలు సరిగా ఉన్నాయో లేదో చూడడానికి వచ్చాడు. మా మొహల్లాలోకి ఆయన రావడం నేను చూడటం అదే మొదలు. డేగిశాలోకి తొంగిచూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అయ్యో, కళాయి మొత్తం గీకేసిన్రు గదనే!"

"కళాయేంది? మురికి" అంది అత్త.

"మురికి గాదు, తగరం! రాగి మీద తగరం పూస్తరు. లేకుంటే అండ్ల వండింది కిలుము పట్టి ఇసమైతది. ఏటేటా కళాయోడొచ్చి వాడాల పొగ పెట్టెటోడు, చూడలేదా?"

పొగ చూశాం. గోడ పైనుంచి పొగ, నవాసారం ఘాటు వాసన మా మొహల్లా దాకా వచ్చేవి. గోడ అవతల ఏం జరిగేదో మేం చూడలేదు. మా ఇళ్లలో ఉన్నవి మట్టి కుండలు, అల్యూమినియం గిన్నెలు. వాటికి కళాయి ఉండదు.

"వట్టి అన్నం వండుతే?" అంది అత్త. "పులుపు లేకుంట?"

"ఏమైతదో నేన్ జెప్పలేను. ఏం గాకపోవచ్చు. అయితే మాత్రం నన్నడగద్దు."

పెళ్లి దగ్గర పడింది. అత్త నన్ను తీసుకుని చంద్రపూర్ బస్సెక్కింది. కళాయి వేసే ముసలాయన బాబుపేట్‌లో ఉంటాడని దివాణ్‌జీయే చెప్పాడు. వెతికి పట్టుకున్నాం. ఆయన దుకాణంలో కొలిమి లేదు. ప్లాస్టిక్ బకెట్లు, టబ్బులు, చెంబులు వేలాడదీసి ఉన్నాయి. ఆకుపచ్చవీ, గులాబీ రంగువీ.

"కళాయా?" అన్నాడు ఆయన. "ఎవలు చెప్పిన్రమ్మా మీకు? మానేసి శాన దినాలాయె. ఎంత పెద్దది?"

అత్త చేతులు చాపి చూపించింది. నేను ఇంకా చాపి చూపించాను.

"గంతదాన్ని నిప్పుల మీద తిప్పాల్నంటే ఇద్దరు గట్టి మనుషులు గావాలె. నా కొడుకు ఆటో నడుపుతుండు. నాకు భుజం లేస్తలేదు. కొలిమి తిత్తిని ఎలుకలు తిన్నయి. ఏం జేద్దాం?" అని, "పాత కళాయి ఏ మాత్రం ఉన్నది?" అని అడిగాడు.

"ఏం లేదు. తోమినం" అన్నాను.

"మొత్తమా? చేతుల్తోనా?" ఆయన గట్టిగా నవ్వాడు. "నేను యాసిడ్ పోసి గీకినా అంత సాఫ్ రాకపోతుండె. మీకు పని ఇస్తుంటి గద!" నవ్వు ఆపి, అత్త మొహం చూసి, "వండకు బిడ్డా. నీళ్లు పొయ్యి. రాగిల నీళ్లు మంచివి, సల్లగుంటయి. ఎండకాలం పెండ్లి గద" అన్నాడు.

తిరుగు బస్సులో అత్త కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. ఇంటికి వచ్చాక నా భర్త, "నేను ముందే చెప్పిన, టెంట్ హౌస్ అని" అన్నాడు. రాత్రి అన్నాలు తినేటప్పుడు అత్త, "వట్టి అన్నం వండి ఎంబడే తీస్తే ఏం గాదన్నడు దివాణ్‌జీ" అంది.

"ఏం గాదన్లేదు. ఏం గాకపోవచ్చు అన్నడు" అన్నాను.

"ముద్ద కోసం ఒక్క సోలెడన్న వండుతే?"

"ఆ ముద్ద తినేది బాయిసాబే గద అవ్వా" అన్నాడు నా భర్త. "ముసలామె. ఏమన్నైతే? ఇన్నేండ్లకు మన ముద్ద తిని పోయిందంటరు."

అత్త చెయ్యి కంచంలో ఆగిపోయింది. "వండనులే" అంది. ఇక ఆ మాట ఎత్తలేదు.

పెళ్లికి టెంపో వచ్చింది. అన్నం, పప్పు, వంకాయ కూర అల్యూమినియం గంజుల్లో ఉడికాయి. పెనంలో లాగా మాడలేదు, పలుకు లేదు. డేగిశాను పందిరి ముందు రోడ్డు వైపు పెట్టి, చుట్టూ ఇసుక పోసి, నీళ్లు నింపాం. పైన తడిగుడ్డ కప్పి, పక్కన స్టీలు గిలాసలు పెట్టాం. అదివరకు మా పెళ్లిళ్లకు ఊళ్లోవాళ్లు వచ్చినా బయటే నిలబడి తాంబూలం తీసుకుని వెళ్లేవాళ్లు. ఈసారి చాలామంది వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. కుర్చీలు టెంట్ హౌస్‌వి, ఎవరివీ కావు. గోండుల ఇళ్లవాళ్లు నీళ్లు తాగారు. కుమ్మరి ముసలాయన రెండు గిలాసలు తాగి, "మా కుండ నీళ్లంత సల్లగ లేవు గని, పర్వాలేదు" అన్నాడు. పాటిళ్లు ఇప్పుడే చాయ్ తాగి వచ్చామన్నారు. పెద్ద పాటిల్ పెళ్లికొడుకు చేతికి కవరు ఇచ్చి, గుడ్డ ఎత్తి డేగిశాలోకి చూశాడు. ఇంత ఎర్రగా ఉంటుందని తెలియదన్నాడు. తాగలేదు. అత్త వాళ్ల వైపు చూడలేదు. మొదటి గంజు దించగానే ఒక ముద్ద మోదుగాకు విస్తట్లో తీసి పక్కన పెట్టింది. అది ఎందుకో ఎవరూ అడగలేదు.

గోండ్‌పిప్రి వాళ్లు పిల్లను తీసుకుని బయలుదేరాక, సాయంత్రం డేగిశాలో నీళ్లు పారబోసి, తుడిచి, వాసం దూర్చారు. అత్త ఆ ఆకును డేగిశా అడుగున పెట్టింది. నా భర్త ఆమెను పక్కకు పిలిచి, "ఇది డేగిశల వండింది గాదు. ఎందుకే ఈ అబద్ధం?" అన్నాడు.

"నేనేం జెప్పిన్నని అబద్ధం?" అంది ఆమె.

వాడా చావడి నిండా గడ్డి, గోనె సంచులు. లోపలి తలుపులు కొన్ని అప్పటికే ఊడదీసి గోడకు ఆనించారు. బాయిసాబ్ ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పక్కన స్టూలు మీద నాగపూర్ నుంచి కొడుకు పంపిన నీళ్ల సీసా ఉంది. అప్పట్లో అవి కొత్త. నీళ్లు కూడా కొంటారా అని మేం అనుకునేవాళ్లం. దివాణ్‌జీ స్తంభం పక్కన నిలబడ్డాడు. మావాళ్లు డేగిశాను మెట్ల కింద దించారు. బాయిసాబ్ లేచి వచ్చి లోపలికి చూసింది. రాగి చూసింది, ఆకు చూసింది.

"ముద్ద తెచ్చారా?"

"తెచ్చినం" అంది అత్త.

"ఇందులో వండిందేనా?"

దివాణ్‌జీ తన కాళ్ల వైపు చూస్తున్నాడు. కళాయి సంగతి ఆయన బాయిసాబ్‌కు చెప్పాడో లేదో మాకు తెలియదు. అవునంటే సరిపోయేది. మోసుకొచ్చిన నలుగురూ మావాళ్లే, కాదనేవాళ్లు లేరు. అత్త పెదవులు తడుపుకుంది.

"కాదు బాయిసాబ్. టెంట్ హౌస్ గంజుల వండింది. మాకు తెల్వక దీని కళాయి గీకినం. దీంట్ల నీళ్లే పోసినం."

"అయితే ఇది డేగిశా ముద్ద కాదు" అంది బాయిసాబ్.

"కాదు."

"ఉత్త పెళ్లన్నం."

"ఉత్త పెండ్లన్నమే."

"అయితే ఇటివ్వు."

దివాణ్‌జీ, "బాయిసాబ్" అంటూ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె అతని వైపు తిరగకుండానే, "మీరు ఊరుకోండి. వాడా తినడం లేదు. నేను తింటున్నాను" అంది.

అత్త ఆకు తీసి రెండు చేతులా పట్టుకుంది. ఎలా ఇవ్వాలో ఆమెకు తెలియలేదు. కింద పెట్టాలా, చేతికి ఇవ్వాలా అన్నట్టు నా వైపు చూసింది. బాయిసాబే వంగి, ఆకులోంచి నాలుగు మెతుకులు వేళ్లతో తీసుకుని నోట్లో వేసుకుంది. నమిలింది. సీసా మూత తిప్పి ఒక గుక్క నీళ్లు తాగింది.

"ఉప్పు వేయలేదా?" అంది.

"మేం అన్నంల ఉప్పెయ్యం."

"సరే" అని వెళ్లి కుర్చీలో కూర్చుంది. మిగిలిన అన్నం ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. అత్త ఆకును మడిచి తిరిగి తెచ్చుకుంది.

తిరిగి వస్తూ చెరువు గట్టు దాకా నడిచాం. అక్కడ అత్త ఆగింది.

"తిన్నది గద?"

"తిన్నది. నీ ముంగటనే గద" అన్నాను.

"వాడా తిన్నట్టా, కాదా?"

"తిన్నట్టే అనుకో."

"నేననుకుంటే ఐతదా? వాడా తింటలేదని ఆమెనే అన్నది. డేగిశ ముద్దైతే తినకపోతుండె. గాదు గన్క తిన్నది."

"అవ్వా," అన్నాడు నా భర్త, "వచ్చే నెలకు వాడానే ఉండది. అది తింటేంది, తినకుంటేంది?"

"ఉండదనే గద నేను తొందరపడ్డది" అంది ఆమె. "అవునను అన్నది నా మనసు. నోరెందుకన్లేదో తెల్వది."

"ముసలామెను మోసం జెయ్యబుద్ధి గాలేదు నీకు" అన్నాను.

"గదేం గాదు. మన ముద్ద అబద్ధం ముద్ద గాకూడదని."

వ్యాపారి లారీ వచ్చింది. డేగిశాను చూసి, కళాయి లేని రాగి బరువుకు మంచిదన్నాడని దివాణ్‌జీ చెప్పాడు. బాయిసాబ్ నాగపూర్ వెళ్లింది. కొన్నాళ్లకే పోయిందని విన్నాం. మేము బాబుపేట్‌లో అద్దె ఇంట్లోకి దిగాం. నా భర్తకు గనిలో పని దొరికింది. ముందు మా మొహల్లాను తవ్వారట, తర్వాత ఎద్దుల కొట్టాలు, చివరికి వాడా. ఆయన చెబితే విన్నాను, చూడ్డానికి వెళ్లలేదు.

బాబుపేట్‌లో ఇరుగుపొరుగుతో కూర్చున్నప్పుడు అత్త, "మా బిడ్డ పెండ్లన్నం బాయిసాబ్ తిన్నది" అని చెప్పేది. వాడా తిన్నదని ఒక్కసారి కూడా అనలేదు. వినేవాళ్లకు ఆ తేడా తెలియదు. తింటే ఏమైందని అడిగేవాళ్లు. అప్పుడు ఆమె చెరువు కట్ట దగ్గర నుంచి మొదలుపెట్టి, చెరకు తోట, బెల్లం పెనం, గానుగవాళ్ల మొదటి పెళ్లి, అన్నీ చెప్పాల్సి వచ్చేది. సగం చెప్పేసరికి ఎవరో ఒకరు నల్లా వచ్చిందని బిందె పట్టుకుని లేచేవాళ్లు. మిగతా సగం నాకు చెప్పేది. నేను కూరగాయలు తరుగుతూ వినేదాన్ని.